లిథువేనియాలో తీసుకున్న కోడ్ 95 (యూరప్‌లో లారీ డ్రైవర్‌కు వృత్తి శిక్షణ ఉందని చూపే గుర్తు) పోలండ్‌లో చెల్లాలంటే ఏం చేయాలి?

నాది జగిత్యాల జిల్లా. యూఏఈ హెవీ లైసెన్స్ మీద లిథువేనియా వచ్చి ట్రైలర్ నడిపాను. అక్కడే 140 గంటల కోర్సు చేసి, పరీక్ష పాసై కోడ్ 95 తెచ్చుకున్నాను. 2028 ఆగస్టు దాకా గడువుంది. చిక్కల్లా ఒక్కటే: మనది బయటి దేశం లైసెన్స్ కాబట్టి ఆ కోడ్ దాని మీద వేయరు, డ్రైవర్ అటెస్టేషన్ (ఈయూ బయటి దేశాల డ్రైవర్ కోసం కంపెనీకి ఇచ్చే ధ్రువపత్రం) మీదే వేశారు. రూల్ ప్రకారం ఆ కాగితం కంపెనీది. ఇప్పుడు పోలండ్ కంపెనీకి మారుతుంటే పాతవాళ్లు దాన్ని వెనక్కి తీసుకున్నారు.

నా దగ్గర దాని జిరాక్స్, శిక్షణ కేంద్రం ఇచ్చిన సర్టిఫికెట్ ఉన్నాయి. సర్టిఫికెట్‌ను పోలిష్‌లోకి అధికారిక అనువాదం కూడా చేయించాను. అయినా కొత్త కంపెనీ ఒప్పుకోవడం లేదు, 140 గంటలూ మళ్లీ చేయమంటోంది. అన్ని గంటలు జీతం లేకుండా కూర్చోవడం నావల్ల కాదు, చాలా టెన్షన్‌గా ఉంది. ఐదేళ్లకోసారి చేసే 35 గంటల శిక్షణకైతే నేను సిద్ధమే. పాత కంపెనీకి మెయిల్ పెట్టాను, జవాబు లేదు. శిక్షణ కేంద్రమేమో తమ పని సర్టిఫికెట్‌తోనే అయిపోయిందంటోంది.

ఇలా కంపెనీ మారినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి: కోర్సు మళ్లీ చేయకుండా, ఈ సర్టిఫికెట్ చూపించి పోలండ్‌లో డ్రైవర్ క్వాలిఫికేషన్ కార్డు (కోడ్ 95తో డ్రైవర్ పేరు మీదే ఇచ్చే కార్డు) తీసుకోవాలంటే ఏ ఆఫీసులో, ఏ కాగితాలతో దరఖాస్తు చేయాలి?