కావలి జిరాక్స్ షాపుకి డెబియన్ స్టేబులా, టెస్టింగా?

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్‌లో డెబియన్ 13 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, ఇప్పటి స్టేబుల్ వెర్షన్) వేస్తే వైఫై కనపడటంలా. టెస్టింగ్‌కి (తర్వాతి వెర్షన్ తయారవుతున్న శాఖకి) మారిపోవచ్చా అన్నా?

జవాబు (ఒంగోలు): వైఫై ఒక్కదానికోసం టెస్టింగ్ పెట్టబాకండి. స్టేబుల్ కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే సిస్టమ్ మూలభాగం) 6.12, మీ చిప్ అంతకన్నా కొత్తదై ఉంటది. ఫోన్‌తో యూఎస్‌బీ టెథరింగ్ పెట్టి, ట్రిక్సీ (డెబియన్ 13 పేరే) బ్యాక్‌పోర్ట్స్, అంటే స్టేబుల్‌కి సరిపడేలా కట్టిన కొత్త ప్యాకేజీల సోర్స్ కలిపి, ఆప్ట్ అప్‌డేట్ (ప్యాకేజీల జాబితా తాజా చేసే కమాండ్) కొట్టి, కెర్నల్, ఫర్మ్‌వేర్ (చిప్‌లోకి ఎక్కే సాఫ్ట్‌వేర్) రెండూ అందులోంచే వేయండి. కెర్నల్ ఒక్కటే మారిస్తే డ్రైవర్ లోడై, ఫర్మ్‌వేర్ దొరక్క ఆగిపోద్ది.

జవాబు (నెల్లూరు): టెస్టింగ్‌కి సెక్యూరిటీ ప్యాచ్‌లు సాధారణంగా అన్‌స్టేబుల్ (కొత్త ప్యాకేజీలు ముందుగా చేరే శాఖ) మీదుగా, ఆలస్యంగా వస్తాయి. జనం ఆధార్ కాపీలు తెరిచే సిస్టమ్‌కి అది పనికిరాదు. ఇంకోటి, సోర్స్‌లో ‘స్టేబుల్’ అని కాక ‘ట్రిక్సీ’ అనే రాయండి. లేకుంటే డెబియన్ 14 విడుదలయ్యాక మామూలు అప్‌గ్రేడే వెర్షన్ మార్చేస్తది.

ప్రశ్న: పాత కెర్నల్ తీసెయ్యాలా?

జవాబు (ఒంగోలు): వద్దు. కొత్తది మొరాయిస్తే గ్రబ్‌లో (సిస్టమ్ ఆన్ చేయగానే వచ్చే బూట్ మెనూలో) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి దాంతోనే బూటవ్వాలి.