‘ఆయన హెచ్చవలసియున్నది’: ఐసెన్‌హైమ్ బలిపీఠ చిత్రంలోని వాక్యం

ప్రశ్న: మథియాస్ గ్రూనెవాల్డ్ 1512–1516 నడుమ ఐసెన్‌హైమ్ మఠానికి వేసిన బలిపీఠ చిత్రం నేడు ఫ్రాన్సులోని కోల్మార్‌లో ఉన్నది. అందులోని సిలువ దృశ్యంలో, బాప్తిస్మమిచ్చు యోహాను చాచిన చేతి పైన, నల్లని ఆకాశం మీద, ‘ఇల్లుమ్ ఒపోర్తెత్ క్రెస్కెరె, మే ఔతెమ్ మినుయి’ అనే లాటిన్ వాక్యం ఎర్రటి అక్షరాలలో కనిపిస్తుంది. మన బైబిలులో ఇదే ‘ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది’ (యోహాను 3:30). ‘క్రెస్కెరె’కు ‘పెరుగు’ అంటే చాలదా?

సమాధానం: చాలదనే నా అభిప్రాయం. పెరగడం పిల్లవాడికీ మొక్కకూ చెల్లుతుంది. ‘హెచ్చు’లో కొలతతోపాటు ఘనత కూడా ఉన్నది. ‘తన్నుతాను హెచ్చించుకొను’వాడు ‘తగ్గింపబడును’ అన్న లూకా 14:11లోనూ ఇదే జంట. చిత్రంలో క్రీస్తు దేహం అందరికంటె పెద్దది, మోకరిల్లిన మగ్దలేనే మరియ బాగా చిన్నది. అక్కడ ఘనతను కొలతగానే చూపారు.

ఆ మఠం వైద్యశాలలో, బూజు పట్టిన రై ధాన్యం తిని ‘సెయింట్ ఆంటోనీ అగ్ని’ అనే రోగం పాలైనవారికి సేవ చేసేవారు. జ్వరం హెచ్చిందనీ తగ్గిందనీ అనే మనకు ఈ క్రియల జంట రోగి మంచం దగ్గరి మాటగా కూడా వినిపిస్తుంది. అది చిత్రకారుని ఉద్దేశం కాదు, మన భాష కలిపిన అర్థమే.

నన్ను ఎక్కువగా ఆపినది మాత్రం ‘ఆయన’. లాటిన్ ‘ఇల్లుమ్’ కూడా దూరాన ఉన్నవారిని చూపే మాటే. సువార్తలో యోహాను ఈ మాటను తన శిష్యులతో, యేసు ఎదుట లేనప్పుడు అన్నాడు గనుక ‘ఆయన’ సహజం. చిత్రంలో అలా కాదు: సిలువ పక్కనే నిలబడి, పొడవాటి చూపుడువేలు ఆ దేహం వైపే చాపాడు, కాళ్ల దగ్గర గొఱ్ఱెపిల్ల రక్తం పాత్రలోకి కారుతున్నది. ఆ వేలూ గొఱ్ఱెపిల్లా ‘ఇదిగో... దేవుని గొఱ్ఱెపిల్ల’ అన్న 1:29వ వచనానివి, అక్షరాలు 3:30వ వచనానివి. చెయ్యి ‘ఇదిగో’ అంటుండగా రాత ‘ఆయన’ అంటున్నది. పైగా సిలువ నాటికి యోహాను శిరచ్ఛేదం జరిగిపోయింది, అంటే దూరమైనవాడు యోహానే. అందుకే ఈ బొమ్మ కింద తెలుగు వాక్యం రాయవలసి వస్తే నేను ‘ఈయన’ అని మార్చను.