1248 సీసీ డీజిల్: పొగ, పికప్, చైన్ చప్పుడు

పెన్నా ఒడ్డు:
స్విఫ్ట్ డీడీఐఎస్, 75 పీఎస్ ఇంజను. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు లాగదు, నల్లపొగ. టర్బో మార్చాలంటాండారు. నిజమేనా?

కర్నూలు స్పానర్:
అప్పుడే టర్బో మీదికి పోవద్దన్నా. ఈ ఇంజనుకు 190 ఎన్‌ఎం టార్క్ (లాగే బలం) వచ్చేది 2000 ఆర్‌పీఎం దగ్గర. 1500లో మూడో గేరు పట్టుకుని తొక్కితే ఘాట్‌లో లాగదు, అది జబ్బు కాదు. రెండులోకి దించాల. 2000 దాటినాక కూడా పొగ, దాంతోపాటు బుస్సుమనే శబ్దం ఉంటే టర్బో నెట్టిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపులు తడిమి చూడు. క్లిప్పు దగ్గర ఆయిల్ తడికి దుమ్ము అంటుకుని ఉంటే గాలి పోయేది ఆడనే. సెన్సరు లెక్కగట్టిన గాలి సిలిండరుకు చేరదు, డీజిల్ మాత్రం ఆ లెక్కకే పడతాది. ఇంక పొగ రాక ఏమొస్తాది?

గుత్తిరోడ్:
పైపులు బాగుంటే ఈజీఆర్ వాల్వు, అంటే కాలిన పొగలో కొంత తిరిగి ఇంజనులోకి పంపేది. మసి పట్టి తెరుచుకునే ఉండిపోతాది. విప్పి కార్బ్ క్లీనర్ కొట్టి బ్రష్షుతో తోమాల, మోటారు వైపు మాత్రం తడవకూడదు. తిరిగి బిగించేటప్పుడు గాస్కెట్ కొత్తది వేయాల. తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాతిదుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు పుస్తకంలో రాసినన్ని కిలోమీటర్లు ఆగదు. సగానికే తీసి చూడండి.

పెన్నా ఒడ్డు:
పొద్దున స్టార్టు చేస్తానే ముందు వైపు రెండు మూడు సెకన్లు గలగల. అది కూడా ఇదేనా?

కర్నూలు స్పానర్:
అది వేరే, దాన్ని వదలొద్దు. ఈ ఇంజనుకు బెల్టు లేదు, పిస్టన్లకు వాల్వులకు లయ తప్పకుండా తిప్పే టైమింగ్ చైన్. దాన్ని బిగించే టెన్షనర్ ఆయిల్ ప్రెషరుతో పనిచేస్తాది. ఆయిల్ మురికైనా, తగ్గినా ప్రెషరు ఆలస్యంగా అందుతాది, అంతవరకు చైన్ వదులు. ఇంజను కింద ఆయిల్ తొట్టి, అదే సంపులో పట్టేదే మూడు లీటర్ల పైచిలుకు, అందులో అర లీటరు తగ్గితే చిన్న సంగతి కాదు. ముందు ఆయిల్, ఫిల్టరు మార్చి చూడు. ఇంజను వేడెక్కినాక కూడా చప్పుడుంటే చైన్ సాగింది. చైన్ ఒక్కటే మార్చొద్దు; టెన్షనర్, గైడ్లు, పళ్లచక్రాలు కలిపి కిట్ వేయాల. లాకింగ్ టూల్స్ లేకుండా గుర్తులు గీసి బిగిస్తామనే వాళ్ల దగ్గర పెట్టొద్దు. ఒక పల్లు తప్పితే పిస్టన్లు వాల్వులకు తగిలి, వాల్వులను నొక్కే రాకర్లు విరుగుతాయి. సంపు దించినప్పుడే లోపలి ఆయిల్ జాలీ (స్ట్రైనరు) కడిగించు.

కడప గేరు:
ఇంకొకటి. స్టార్టు కష్టమైతే అందరూ సిలిండరును ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్గులంటారు. మన ఎండలకు వాటి పాత్ర తక్కువ. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల నుంచి మిగులు డీజిల్ వెనక్కి పోయే రిటర్న్ పైపులకు నాలుగు చిన్న బాటిళ్లు తగిలించి ఐడిల్‌లో పెట్టండి. మిగతావాటికంటే బాగా ఎక్కువ నిండిందే అరిగిన ఇంజెక్టరు. దాని వల్లే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే గొట్టంలో (కామన్ రైల్) ప్రెషరు నిలవదు. ఇంజెక్టర్ మొదట్లో తారులాంటి నల్లటి గడ్డ, చుక్‌చుక్ శబ్దం ఉంటే రాగి వాషరు పోయింది. పాతది కాల్చి మళ్లీ వేయొద్దు.

గుత్తిరోడ్:
రేడియేటర్లో బోరు నీళ్లు మాత్రం పోయొద్దబ్బా. అనంతపురం నీళ్లకు లోపలంతా గార కడతాది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం.

పెన్నా ఒడ్డు:
క్లిప్పు దగ్గర తడి ఉంది. ముందు పైపు, ఆయిల్. చప్పుడు పోకపోతే అప్పుడు కిట్.