క్లాస్‌మేట్ వెంటపడుతుంటే మీరెలా వద్దన్నారు?

టెన్త్‌పిల్ల: మా క్లాసబ్బాయి ఈ నెలలో రెండుసార్లు నా సోషల్ నోట్సులో లెటర్ పెట్టాడు. నాకు అలాంటి ఉద్దేశం లేదు. చెడ్డవాడేం కాదు గానీ, నేను కనబడితే చాలు వాళ్ల ఫ్రెండ్స్ అతని పేరు పెట్టి అరుస్తున్నారు. ఇంట్లో చెబితే ట్యూషన్ మాన్పిస్తారేమోనని టెన్షన్.

గోదారిగట్టు: నేను చేసిన తప్పు చెప్తా, నువ్వు చెయ్యకు చెల్లీ. "ఇప్పుడు టెన్త్ కదా, చదువుకోవాలి" అన్నాను. మర్యాదగా తప్పించుకున్నా అనుకున్నా. అతను బుద్ధిగా ఆగి, ఆఖరి పరీక్ష రోజు సెంటర్ గేటు దగ్గర "అయిపోయాయిగా, ఇప్పుడు చెప్పు" అన్నాడు! అతన్ని అని లాభం లేదు, నేనే తర్వాత రమ్మన్నట్టు మాట్లాడాను. "నాకు ఇష్టం లేదు" అంటే ఆ రోజే తేలిపోయేది.

బుజ్జి_వరంగల్: రాఖీ కట్టెయ్, పీడా పోతుంది. మా స్కూల్లో అందరూ అదే చేసేవాళ్లు.

కట్టించుకున్నోడు: అలా కట్టించుకున్నవాళ్లలో నేనొకణ్ణి. క్లాసంతా చప్పట్లు. మూడు రోజులు కడుపునొప్పని బడి ఎగ్గొట్టాను. కాదంటే బాధపడి ఊరుకునేవాణ్ణి, పదిమందిలో పరువు పోవడం వేరు. కొందరికైతే పంతం పెరుగుతుంది కూడా. క్లాసులో వద్దు, పక్కకి పిలిచి చెప్పు. కానీ ఒంటరిగా వెళ్లకు, తోడుగా ఒక ఫ్రెండ్ ఉండాలి.

హైస్కూల్_టీచర్: లెటర్లు చింపకు తల్లీ, దాచు. ఇంట్లో ముందు అమ్మకి చెప్పు, "ట్యూషన్ మాత్రం మానను" అని కూడా అప్పుడే చెప్పు. వేరేవాళ్ల ద్వారా తెలిస్తేనే పెద్దవాళ్లకి ఎక్కువ కోపం. వద్దన్నాక కూడా వెంటపడటం 2013 నుంచి చట్టంలో నేరం. తెలంగాణలో ఆడపిల్లల్ని వేధించేవాళ్లని పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్ ఉన్నాయి, దేశంలో ఎక్కడి పిల్లలైనా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యొచ్చు. అబ్బాయి జీవితం పాడవుతుందేమోనని చాలామంది ఆగిపోతారు. షీ టీమ్స్‌కి దొరికిన మైనర్లని మామూలుగా తల్లిదండ్రుల ఎదుట కూర్చోబెట్టి కౌన్సెలింగే ఇస్తారు.

బుజ్జి_వరంగల్: సరే, రాఖీ మాట వెనక్కి తీసుకుంటున్నా.

టెన్త్‌పిల్ల: ఇవాళ ఇంటర్వెల్‌లో చెప్పేశాను, పక్కన ఫ్రెండ్ ఉంది. "నాకు ఇష్టం లేదు, ఇంక రాయకు" అన్నాను. కాళ్లు వణికాయి. కాసేపు నేల చూసి సరే అన్నాడు. అరిచేవాళ్ల సంగతి రేపు క్లాస్ టీచర్‌కి చెప్తా. వెళ్తూ లెటర్లు తిరిగిచ్చెయ్ అన్నాడు. మీరు దాచమన్నారు కదా మేడమ్, ఎక్కడో పోయాయని చెప్పాను.