అప్‌డేట్: ఉద్యోగ రొట్టె పట్టుకున్నా పని కాకపోతే?

నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో కోరిక ఉన్నవాళ్లు దాని పేరుతో రొట్టె తీసుకుని తింటారు (పట్టుకోవడం), అది తీరాక మళ్లీ వచ్చి రొట్టెలు పంచుతారు (వదలడం). దీని గురించి ఇంతకుముందు నేనడిగింది ఇది: ఏడాది తిరిగినా కోరిక తీరకపోతే రొట్టె వదలాలా, మళ్లీ పట్టుకోవాలా? తెలిసినవాళ్లంతా ఒకటే మాట చెప్పారు. వదిలేది తీరినవాళ్లే, తీరనివాళ్లు మళ్లీ అదే రొట్టె పట్టుకోవచ్చు, మొక్కు తప్పినట్టేం కాదు.

స్వర్ణాల చెరువులో దిగి, తల మీద కొంగో రుమాలో కప్పుకుని, ‘ఉద్యోగ రొట్టె’ అని పిలిచేవాళ్ల దగ్గర తీసుకుని తినాలి. రద్దీలో అడక్కుండా చెయ్యి చాపితే పెళ్లి రొట్టో ఇంటి రొట్టో చేతికొస్తుంది! వదిలేవాళ్లకైతే అరకిలో గోధుమపిండికి సుమారు 15 వస్తాయి. వేడి మీదే కవర్లో కడితే చెమ్మపట్టి అంటుకుపోతాయి, ఇవ్వబోతే చిరుగుతాయి. ఆరాక గుడ్డలో చుట్టాలి.

రొట్టె తిన్నాక కొందరు దరఖాస్తులు ఆపేస్తారు, అక్కడే దెబ్బ. నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా అప్లై చెయ్యడం, మార్కులు ఏ సబ్జెక్టులో పోయాయో రాసిపెట్టుకోవడం కూడా సబర్ (ఓర్పు) కిందికే వస్తాయని నా లెక్క.

ఈ పండుగ మొహర్రం నెలలో జరుగుతుంది, అది ఏటా 10, 11 రోజులు ముందే వస్తుంది. పోయినేటి తేదీ చూసి సెలవు పెట్టకండి.