బందరుకు రైలు టికెట్ దొరకడం లేదు, ఎవరైనా సరిగ్గా చెప్పండి

బ్రాడీపేట వాసి:
పొద్దున్నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, అన్నం కూడా చల్లారిపోయింది. విజయవాడ నుంచి బందరుకు టికెట్ బుక్ చేద్దామంటే ఆ పేరుతో స్టేషనే రావడం లేదు. మేం గుంటూరు నుంచి బయల్దేరాలి. సముద్ర స్నానం, పాండురంగడి దర్శనం, పెడనలో అమ్మకు రెండు కలంకారీ చీరలు, రాత్రికి ఇల్లు. ఇంత చిన్న ప్రయాణానికి ఇంత తలనొప్పి ఏమిటండీ?

రైలుబండి:
బందరు కాదు, మచిలీపట్నం అని కొట్టండి. గుడివాడ మీదుగా వెళ్లే ప్యాసింజర్లకు రిజర్వేషన్ ఉండదు. కౌంటర్లో తీసుకుని ఎక్కడమే.

కోనేరు సెంటర్:
"బందరు కాదు" ఏమిటండీ? మా ఊరు బందరే. విజయవాడలో మీరు రోజూ తిరిగే రోడ్డును కూడా బందరు రోడ్డనే అంటారు కదా.

రైలుబండి:
స్టేషన్ బోర్డు మీద ఉన్నది చెప్పాను.

పాతరాయి:
మీ లిస్టులో బందరు కోట లేకపోవడం చూసి బాధేసింది. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చి వ్యాపారం పెట్టిన రేవు అది. అక్కడి డచ్చి సమాధుల దగ్గర ఓ పావుగంట నిలబడండి. పలకల మీద వాళ్ల వంశ చిహ్నాలు, చుట్టూ అక్షరాలు ఉబ్బెత్తుగా చెక్కి ఉంటాయి, వేలితో తడిమి చదవొచ్చు. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెనకు దాదాపు 30,000 మంది పోయారు. అంత నీళ్లు మీద పడ్డ ఊళ్లో ఆ రాళ్లు నిలిచాయి. మనవాళ్లు లడ్డు కొనుక్కుని తిరిగొచ్చేస్తారు.

అద్దకం:
చీరల గురించి ఒక మాట. కలంతో గీసేది శ్రీకాళహస్తి పని. పెడనది అచ్చు అద్దకం, టేకు అచ్చులతో. ముందు బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్లే నలుపు. కరక్కాయ పట్టిన బట్ట మీద అది పడగానే నల్లబడుతుంది. ఎరుపు అలా కాదు, పటిక అద్దిన చోట, మొక్కల వేళ్ల రంగులో ఉడకబెట్టాకే తేలుతుంది. స్క్రీన్ ప్రింట్‌ను కూడా ఇదే పేరుతో అమ్ముతున్నారు, అడిగి తీసుకోండి. చేత్తో అద్దిన చీరలో అచ్చూ అచ్చూ కలిసే చోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. అది లోపమని పక్కన పెట్టకండి.

శ్రీకాళహస్తి అల్లుడు:
కలం లేనప్పుడు కలంకారీ అనడం ఎందుకు? అద్దకం అనొచ్చు కదా.

అద్దకం:
మా తాతల కాలం నుంచీ అదే పేరు. భౌగోళిక గుర్తింపు కూడా మచిలీపట్నం కలంకారీ అనే ఇచ్చారు.

ఉయ్యూరు అక్క:
తమ్ముడూ, అసలు ఏ రోజు వెళ్తున్నారు? అమ్మగారి వయసెంత? సొంత కారుందా?

బ్రాడీపేట వాసి:
సముద్ర స్నానమంటే కార్తీక పౌర్ణమికే కదక్కా. అమ్మకు 71. మోకాళ్ల నొప్పులు, కొంచెం దూరమే నడుస్తుంది. కారు లేదు.

కోనేరు సెంటర్:
అయ్యో, అది ముందు చెప్పాలి కదండీ! పౌర్ణమి నాడు తెల్లారకముందే మంగినపూడి బీచ్ దారంతా జనమే. బండ్లు దూరంగా ఆపేస్తారు, మిగతాది నడకే. చిలకలపూడి పాండురంగడి గుడిలోనూ అప్పుడే ఉత్సవాలు. అమ్మగారిని ఆ తోపులాటలోకి తీసుకెళ్లకండి. కార్తీకమంతా స్నానానికి మంచిదే, మామూలు రోజు చూసుకోండి. మంగినపూడి ఊరికి 11 కిలోమీటర్లు, ఆటోకు రానూపోనూ ముందే మాట్లాడుకోండి. అక్కడ ఇసుక కాదు, నల్ల మట్టి. కాలు దిగబడుతుంది, చెయ్యి వదలకండి. సముద్రం చాలా దూరం లోతు ఉండదు, ఒడ్డునే కూర్చోబెట్టి చెంబుతో పోసినా చాలు.

ఉయ్యూరు అక్క:
బస్సే నయం తమ్ముడూ. విజయవాడ నెహ్రూ బస్ స్టేషన్లో ఎక్కితే ఉయ్యూరు, పామర్రు మీదుగా 70 కిలోమీటర్లు. రైలు మెట్లెక్కే బాధ ఉండదు.

రైలుబండి:
పెడన రైలు దారిలోనే ఉంది. వచ్చేటప్పుడు చూసుకోండి.

పాతరాయి:
కోట కూడా పెద్ద దూరం కాదు.

ఉయ్యూరు అక్క:
పెద్దావిడతో అన్నీ ఒక్కరోజులో కుదరవండీ. స్నానం, గుడి. చీరలు ఓపికుంటేనే.

బ్రాడీపేట వాసి:
అమ్మను అడిగాను. పౌర్ణమి వద్దు, తర్వాతి గురువారం పోదామంది. బస్సుకే. థ్యాంక్స్ అందరికీ.

కొత్తపేట:
అద్దకం గారూ, పెడనలో పని జరిగే చోట పిల్లలను చూడనిస్తారా? ఆదివారం ఉంటుందా?