చదివించింది, చదివాను, చదువుకున్నాను

మిత్రులారా, నిన్న మన బృందంలో ఒకరు అడిగారు: "'ఈ నవల ఏకబిగిన చదివించింది' అని రాయవచ్చా? చదివేది మనిషి కదా, పుస్తకం మనిషిని చదివించడం ఏమిటి? ఇది ఇంగ్లీషు వాక్యానికి నీడ కాదా?" ఏడాది చివర అందరం చదివిన పుస్తకాల లెక్కలు చెప్పుకుంటున్న సమయంలో వచ్చిన ప్రశ్న. ఆ లెక్కల్లో ఈ మాట కనీసం పది చోట్ల కనిపించింది. నేను రాసుకున్న దాంట్లోనూ ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. అది శుద్ధమైన తెలుగు. 'చదువు'కు ప్రేరణార్థంలో 'ఇంచు' చేరి 'చదివించు' అయింది. ఆ పని చేయించేది మనిషే కానక్కర్లేదు. కథ నవ్విస్తుంది, పాట ఏడిపిస్తుంది, అవసరం పరుగెత్తిస్తుంది. అలాగే పుస్తకం చదివిస్తుంది. నా అభ్యంతరం వ్యాకరణం దగ్గర లేదు. ఒక పుస్తకం గురించి ఆ ఒక్క మాట అనేసి, ఇక చెప్పాల్సిందేమీ లేదన్నట్టు ఊరుకోవడం దగ్గర ఉంది. ఈ ఏడాది నా చదువే నాకు ఆ సంగతి నేర్పింది.

మార్చిలో ఒక ఆదివారం అబిడ్స్‌లో, మూసి ఉన్న దుకాణాల ముందు పరిచిన పాత పుస్తకాల్లో ఒక పలచటి 'ప్రహ్లాద చరిత్ర' దొరికింది. 40 రూపాయలు. అట్ట ఎప్పుడో ఊడిపోతే ఎవరో తెల్లదారంతో మళ్లీ కుట్టారు. కుట్టు వంకరగా ఉంది కానీ గట్టిగా ఉంది. లోపలి పేజీలో నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: "చి.సౌ." తర్వాత తడికి కరిగిపోయిన ఒక పేరు, ఆ కింద "వివాహ శుభసందర్భమున చదివించినది – పెదనాన్న".

'చదివించినది' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పెళ్లిలో చదివింపులు అంటే మనందరికీ తెలుసు. ఎవరు ఏమిచ్చారో పదిమందికీ వినపడేలా పైకి చదువుతారు, ఒకరు పక్కన కూర్చుని పుస్తకంలో రాసుకుంటారు. నూట పదహార్లు చదివించారు, వెండి గిన్నె చదివించారు అంటాం. అంటే ఇచ్చారు అని. ఆ పెదనాన్న పెళ్లికూతురికి పుస్తకం చదివించాడు. ఇచ్చాడు అన్న అర్థంలో చదివించాడు, చదువుకోమన్న అర్థంలోనూ చదివించాడు. ఒక్క క్రియలో రెండు కానుకలు.

ఆ పుస్తకంలో పెన్సిలుతో గీత గీసి ఉన్న పద్యం ఇది:

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థ ముఖ్య శాస్త్రంబులు నేఁ
జదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మ మెల్లఁ జదివితిఁ దండ్రీ!

పోతన భాగవతం సప్తమ స్కంధం. ఏమి చదువుకున్నావని హిరణ్యకశిపుడు అడిగితే ప్రహ్లాదుడు చెప్పిన మాట. బడిలో కంఠస్థం పట్టినవాళ్లం చాలామందిమే ఉంటాం. ఇన్నేళ్లుగా నోటికి వచ్చిన ఈ పద్యాన్ని నేను సరిగ్గా చూడలేదని ఆ పెన్సిలు గీత చెప్పింది. చిన్న కందంలో చదువుకు సంబంధించిన మాట ఐదుసార్లు వచ్చింది. 'నేఁ జదివినవి', 'మర్మ మెల్లఁ జదివితిఁ దండ్రీ' అన్నచోట్ల ద్రుతం (మాట చివరి నకారం) మీది పరుషం సరళమై, 'చ' 'జ'గా, 'త' 'ద'గా మెత్తబడ్డాయి. పద్యం పైకి చదివితే ఆ మెత్తదనం నాలుకకు తెలుస్తుంది.

నన్ను పట్టుకున్నది కర్త. మొదటి పాదంలో కర్త గురువులు. వాళ్లు చదివించారు. రెండో పాదం మొదలయ్యేసరికి క్రియ ఉత్తమ పురుషలోకి వచ్చేసింది, 'చదివితి'. ఆపైన గురువుల ఊసే లేదు. చదివించడం ఒక్క పాదంతో సరి, తక్కిన మూడు పాదాలూ పిల్లవాడు తానుగా చదవడమే. మర్మం దగ్గరికి వచ్చేసరికి 'చదివించిరి' అనడు, 'చదివితి' అంటాడు.

ఈ ఏడాది 34 పుస్తకాలు పూర్తి చేశాను, 5 మధ్యలో వదిలేశాను. వాటిలో చదివించినవి ఏవి, నేను చదివినవి ఏవి అని వేరు చేసి చూస్తే లెక్క తలకిందులైంది.

జూన్‌లో ఒక లావుపాటి కొత్త నవల మెట్రోలో మియాపూర్ – ఎల్బీనగర్ మధ్య రెండు రోజుల రాకపోకల్లో అయిపోయింది. దిగాల్సిన స్టేషన్ దాటిపోయాను కూడా. అంతగా చదివించింది. పది రోజుల తర్వాత మిత్రుడికి దాని గురించి చెప్పబోతే నాయిక పేరు గుర్తు రాలేదు. పేరు పోతే పోయింది, ఆమె ఎందుకు ఇల్లు విడిచి వెళ్లిందో కూడా గుర్తు రాలేదు. అంత ఖాళీగా మిగిల్చిన పుస్తకం ఈ సంవత్సరం మరొకటి లేదు.

రెండో ఆశాభంగం ఒక అనువాదం. మూలం గొప్పదని విన్నాను, ఎంతో ఎదురుచూశాను. 12వ పేజీలో ఒక పాత్ర "తన గొంతును శుభ్రం చేసుకున్నాడు". గొంతు సవరించుకున్నాడు అనే చక్కటి మాట మనకు ఉంది. తెలుగింట్లో పెద్దాయన మాట మొదలుపెట్టే ముందు చేసే పని అదే. అలాంటివి పేజీకి రెండు మూడు. 60వ పేజీ దగ్గర మూసేశాను. అనువాదకుల శ్రమ తెలియనిది కాదు, అయినా బాధ కలిగింది.

ఇక నచ్చినవాటికి వస్తాను. అన్నిటికంటే ముందు ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. ఈ పుస్తకం చదివించదు. ఆ మాట నిండు గౌరవంతోనే అంటున్నాను. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి భాష ఇంకొకరికి అనువదించి చెప్పే ఉద్యోగిగా, పనిచేసిన ఆయన 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. దారిలో రాసి పంపినదాన్ని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై 1838లో అచ్చు వేయించాడు. మజిలీ తర్వాత మజిలీ. దారి ఎలా ఉంది, నీళ్లు ఎలా ఉన్నాయి, ఏ సరుకులు దొరుకుతాయి. మలుపులు లేవు, ముడులు లేవు. రాత్రి మూడు పేజీలు చదివితే చాలు, నిద్ర వచ్చేది. మర్నాడు నేనే మళ్లీ తెరవాలి, అది నన్ను లాగదు. అలా నాలుగు నెలలు పట్టింది. ఆయన మన హైదరాబాదు మీదుగానే వెళ్లాడు. ఆ పుటలు చదివిన మర్నాడు ఉదయం హుస్సేన్‌సాగర్ గట్టు మీద బస్సులో వెళ్తూ, పల్లకీలో వచ్చిన ఆ మనిషికి ఈ నీళ్లు ఎలా కనిపించి ఉంటాయా అని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

రెండోది వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'. కాలేజీ రోజుల్లో చదివి, కథ నెమ్మదిగా ఉందని పక్కన పెట్టాను. ఈసారి సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో కూర్చుని చదివాను. 1901లో పెట్టిన గ్రంథాలయం అది. నిజాం పాలనలో తెలుగు చదువుకు చోటు వెతుక్కున్నవాళ్లు కట్టుకున్న ఇల్లు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి, అచ్చువేసిన పుస్తకాలను తానే మోసుకుని ఈ వీధుల్లో తిరిగి అమ్మిన మనిషి రాసిన నవలను అక్కడ చదవడం నాకు పండుగలా అనిపించింది. 'చదివించు' అన్న క్రియకు అసలైన కర్త ఆయనే. ఒక పాఠకుణ్ణి కాదు, ఒక ఊరిని చదివించాడు.

(సాయంత్రం చేరుస్తున్నది)

పొద్దుటి నుంచి వచ్చిన స్పందనలకు ఇక్కడే జవాబు రాస్తున్నాను.

విశ్రాంత ఉపాధ్యాయిని ఒకరు అడిగారు: "మరి 'చదువుకున్నాను' సంగతి? దాన్ని ఎందుకు వదిలేశారు?" మంచి మాట గుర్తు చేశారమ్మా. 'కొను' చేరితే పని తనకోసం అవుతుంది. వండాను అంటే ఎవరికైనా కావచ్చు, వండుకున్నాను అంటే నాకే. పరీక్షకు పాఠం చదివాను అనవచ్చు. రాత్రి నిద్రపట్టక ఒక పద్యం చదువుకున్నాను అన్నప్పుడు ఇంకెవరికీ లెక్క అప్పజెప్పక్కర్లేదు. కాశీయాత్రను నేను చదివాను అని రాశాను. మీరు అడిగాక చూస్తే చదువుకున్నాను అనడమే సరి. దిద్దుకుంటున్నాను.

ఇంకొకరు, 'చదివించే గుణం'కు వేరే మాట సూచించమన్నారు. వేరే మాట అవసరం లేదండీ. ఆ మాటకు పక్కన ఇంకో వాక్యం రాస్తే చాలు: చదివించిన తర్వాత ఏమి మిగిలిందో.

ఆ 'ప్రహ్లాద చరిత్ర' ఫొటో పెట్టమని నలుగురు అడిగారు. రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను. పేరు ఉన్నచోట మచ్చ మాత్రమే ఉంది, కానీ పెదనాన్నగారి చేతిరాత స్పష్టంగానే ఉంది. 'ది'కి గుడి చాలా పెద్దగా చుట్టే అలవాటు ఆయనది. మీ ఇంట్లో పాత ఉత్తరాల్లో అలాంటి రాత కనిపిస్తే చెప్పండి. పుస్తకం తెచ్చి ఇస్తాను.